మానిపించి చూడమనేవాళ్ళతో నా గొడవ

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యి, గిన్నెలు సింకులో పడేసి అలా కూర్చున్నానో లేదో విజయవాడ నుంచి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. వాళ్ళ బాబుకి రెండేళ్ళ ఎనిమిది నెలలు. ఆరు నెలలుగా బరువు పెరగలేదు, పొట్ట ఉబ్బి ఉంటోంది, రోజుకి నాలుగైదుసార్లు విరేచనం.

"అక్కా, డాక్టరుగారు సీలియాక్ అని అనుమానంగా ఉంది, రక్తపరీక్ష చేయిద్దాం అన్నారు. ఆరోజు నుంచే చపాతీ, బ్రెడ్డు, బిస్కెట్లు అన్నీ మానిపించేశాను. వారం అయింది. కొంచెం నయంగానే ఉన్నాడు. నయంగా ఉన్నాడుగా, ఇంక పసివాడికి సూది గుచ్చడం ఎందుకు అంటున్నారు అత్తయ్యగారు. నువ్వేమంటావు?"

నేనేమన్నానో ఆ గొంతుతో ఇక్కడ రాయలేను. పది నిమిషాల తరవాత నేనే మళ్ళీ ఫోన్ చేసి సారీ చెప్పుకున్నాను. పాపం అదేం చేస్తుంది, చుట్టూ ఉన్నవాళ్ళు చెప్పింది చేసింది. నా కోపం ఆ చెప్పినవాళ్ళ మీద. పక్కింటివాళ్ళు, చుట్టాలు, అపార్టుమెంటు గ్రూపులో రోజుకో మెసేజీ పంపే ఆరోగ్య సలహాదారులు, వీడియోలు చేసేవాళ్ళు, ఒక్కోసారి తెల్లకోటు వేసుకున్నవాళ్ళు కూడా. అందరి నోటా ఒకటే మాట. "ఏముందమ్మా, ఓ నెల గోధుమ మానిపించి చూడు. తగ్గితే అదే!"

వినడానికి ఎంత బాగుందో చూడండి. ఖర్చు లేదు, సూది లేదు, పిల్ల ఏడుపు లేదు. నేనూ ఆ మాట దాదాపు నమ్మినదాన్నే. నాకు తెలియకుండానే ఆ పని చేసి, మా పాప బతుకులో ఒక ఏడాది పోగొట్టాను. అందుకే ఇంత అరుస్తున్నాను.

అప్పుడు మేం ఢిల్లీలో ఉండేవాళ్ళం, మావారి ఉద్యోగం అక్కడ. పాప అక్కడే పుట్టింది. అక్కడి పిల్లల్లాగే పొద్దున పరాఠా, సాయంత్రం బిస్కెట్టు, రాత్రి రొట్టె. రెండేళ్ళు దాటాక మొదలైంది. చేతులూ కాళ్ళూ పుల్లల్లా, పొట్ట మాత్రం బానలా. విరేచనం జిగురుగా, ఇల్లంతా వాసన. ఎప్పుడూ చిరాకు, ఎత్తుకుంటే ఏడుపు, దింపితే ఏడుపు. మూడున్నరేళ్ళకి పదకొండు కిలోలు. హిమోగ్లోబిన్ 7.8. ఐరన్ టానిక్ ఆరు నెలలు పోశాను, పళ్ళు నల్లబడ్డాయి కానీ రక్తం ఒక్క పాయింటు పెరగలేదు. నులిపురుగుల మందు మూడుసార్లు. పాలు పడటం లేదేమోనని నెల్లాళ్ళు పాలు ఆపాం. ఇక మాటలు సరే సరి. "నీకు పాలు సరిగ్గా పడలేదు కదమ్మా, పునాది అక్కడే దెబ్బతింది" అన్నారు అత్తయ్యగారు. ఆవిడ చెడ్డావిడ కాదు, కానీ ఇంట్లో పిల్ల బక్కచిక్కితే ముందు తల్లి గిన్నెలోకే తొంగిచూస్తారు ఎవరైనా.

ఎదురు ఫ్లాట్లో పంజాబీ ఆవిడ ఉండేది. వాళ్ళ మరిది కొడుక్కి ఇదే జబ్బు. ఆవిడ పాప పొట్ట చూసి, "దీనికి గోధుమ పడట్లేదేమో, పరీక్ష చేయించు" అంది. ఆ మాట పట్టుకుని మర్నాడే వెళ్ళి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ అప్పటికి ఏప్రిల్ వచ్చేసింది, రాజమండ్రికి టిక్కెట్లు కొనేశాం. వచ్చాక చూద్దాంలే అనుకున్నాను.

రాజమండ్రిలో ఏం జరిగిందో మీరు ఊహించగలరు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పప్పన్నం నెయ్యి, సాయంత్రం మామిడిపండు, రాత్రి పెరుగన్నం. ఎప్పుడో ఒక బిస్కెట్టు తప్ప గోధుమ అన్నది కంటికి కనపడలేదు. పది వారాల్లో పిల్ల కిలో పైన పెరిగింది. పొట్ట తగ్గింది. నవ్వడం మొదలుపెట్టింది. మా నాన్న అయితే వీధిలో కనపడ్డవాళ్ళకల్లా "గోదావరి నీళ్ళండీ, ఇంకేం కాదు" అని చెప్పుకున్నారు.

నాకు మాత్రం పంజాబీ ఆవిడ మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. జూన్ చివర, బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు అక్కడే ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, సీలియాక్ పరీక్ష రాయమని నేనే అడిగాను. ఆయన రాశారు. రక్తం తీశారు. రిపోర్టు వచ్చింది, నార్మల్. అంకె పరిమితికి కాస్త కిందే ఉంది, కానీ కిందే కదా! మా అమ్మ కొబ్బరికాయ కొట్టింది.

గత రెండు నెలలుగా పాప ఏం తింటోంది అని ఎవరూ అడగలేదు. డాక్టరు అడగలేదు, ల్యాబ్ అబ్బాయి అడగలేదు. అడగాలని నాకూ తెలియదు.

ఢిల్లీ వెళ్ళాక ఏం చేశానో చెప్పడానికి ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. గోధుమ కాదని తేలిపోయిందిగా. బరువు పెరగాలని పరాఠాలో నెయ్యి ఇంకో చెంచా వేసి మరీ పెట్టాను. తిననంటే కథలు చెప్పి పెట్టాను. ఏడాది తిరిగేసరికి పెరిగిన కిలో పోయింది, ఎత్తు గోడ మీద గీసిన గీత దగ్గరే ఆగిపోయింది, జుట్టు కొబ్బరిపీచులా తయారైంది. చివరికి పిల్లల జీర్ణకోశ డాక్టరు ఒకావిడ దగ్గరికి చేరాం. పాత రిపోర్టు చూసి ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "ఈ రక్తం తీసినప్పుడు పాప రోజూ ఏం తింటోంది?"

ఆ గదిలోనే ఏడ్చేశాను. మళ్ళీ పరీక్ష చేశారు. ఈసారి పరిమితికి ఆరు రెట్లు ఎక్కువ.

ఇప్పుడు అసలు సంగతి. సీలియాక్ అంటే అందరూ అనుకునేట్టు ఎలర్జీ కాదు. గోధుమలో, బార్లీలో, రై అనే ధాన్యంలో గ్లూటెన్ అని ఒక మాంసకృత్తు ఉంటుంది. ఈ జబ్బున్న పిల్లలకి అది కడుపులోకి వెళ్ళినప్పుడల్లా ఒంట్లోని రక్షణ వ్యవస్థ రెచ్చిపోయి, సొంత పేగు మీదే దాడి చేస్తుంది. చిన్నపేగు లోపలి గోడ టర్కీ టవలులా పోగులు పోగులుగా ఉంటుంది. తిన్నదాన్ని పీల్చుకునేవి ఆ పోగులే. అవి అరిగిపోయి, టవలు కాస్తా నున్నటి పంచెలా అయిపోతుంది. ఇంక ఐరన్ టానిక్ పోసినా ఒకటే, సింకులో పోసినా ఒకటే.

రక్తపరీక్షలో చూసేది ఆ దాడి ఆనవాళ్ళని. టీటీజీ ఐజీఏ అనే యాంటీబాడీ ఎంత ఉందని. గోధుమ తింటున్నంతకాలం అది ఉంటుంది. మానేస్తే మెల్లగా దిగిపోతుంది. ఊళ్ళో కుక్కలు దొంగ వచ్చినప్పుడు మొరుగుతాయి. దొంగని రెండు నెలల కిందటే తరిమేసి, ఇవాళ కుక్కలు మొరగట్లేదు కాబట్టి ఈ ఊరికి దొంగల బెడదే లేదని రాసిస్తే ఎలా ఉంటుంది? మా పాప మొదటి రిపోర్టు అలాంటిదే. రిపోర్టు అబద్ధం చెప్పలేదు, అడగకూడని వేళలో అడిగాం.

బ్రిటన్‌లో నైస్ అనే ప్రభుత్వ సంస్థ ఆరోగ్య మార్గదర్శకాలు ఇస్తుంది. వాళ్ళ 2015 నాటి సూచనల్లో, పరీక్షకి ముందు కనీసం ఆరు వారాల పాటు రోజుకి ఒక్క పూటకన్నా ఎక్కువగా గ్లూటెన్ ఉన్న తిండి తింటూ ఉండాలని ఉంది. మనింట్లో పిల్లకి అది పెద్ద విషయం కాదు, ఇప్పటిదాకా తింటున్నదే తినమనడం. ముందే మానిపించేస్తేనే వస్తుంది తంటా. అప్పుడు నిజం తెలియాలంటే మళ్ళీ వారాల తరబడి గోధుమ పెట్టాలి. కోలుకున్న పిల్లని మళ్ళీ పాడుచేసి మరీ చూడాలి. అందులోనూ ఐదేళ్ళలోపు పిల్లలకి అలా మళ్ళీ తినిపించి చూడటాన్ని ఐరోపా పిల్లల వైద్యుల సంఘం వద్దంటుంది. ఎదిగే వయసు కదా. అంటే రెండేళ్ళ పిల్లాడికి వారం రోజుల తొందరలో మానిపించేసి అలాగే వదిలేస్తే, వాడికి జబ్బు ఉందో లేదో ఏళ్ళ తరబడి ఎవరూ చెప్పలేరు. "మానిపించి చూడు" అనేవాళ్ళు ఈ సగం చెప్పరు. వాళ్ళకి తెలియదు కాబట్టి చెప్పరు. తెలియనివాళ్ళు ఊరుకోవచ్చు కదా! (పిల్లాడు మరీ నీరసించి ఆసుపత్రిలో పడితే అది వేరే సంగతి, అది డాక్టరు చూసుకుంటారు. నేను చెప్పేది ఇంట్లో మనంతట మనం చేసే వైద్యం గురించి.)

ఇంకొకటి. రక్తపరీక్షలో బయటపడగానే మానిపించేయడం కూడా తప్పే. తరవాత ఎండోస్కోపీ చేసి పేగు ముక్క తీసి చూడాల్సి ఉంటే, అది అయ్యేదాకా తింటూనే ఉండాలి. ఆ సంగతి మా డాక్టరమ్మ మూడుసార్లు చెప్పి, కాగితం మీద రాసి, కింద గీత గీసి ఇచ్చింది. రక్తం తీసేటప్పుడు టీటీజీతోపాటు మొత్తం ఐజీఏ కూడా చేయించింది. కొంతమంది పిల్లల ఒంట్లో ఐజీఏ అసలే తక్కువ ఉంటుందట, వాళ్ళకి జబ్బు ఉన్నా మొదటి పరీక్ష నార్మల్ అనే వస్తుందట. రాజమండ్రిలో అదీ చేయలేదు.

"తగ్గితే అదే" అన్న మాట కూడా నిజం కాదు. గోధుమ మానిపించడమంటే ఇంట్లో ఏం జరుగుతుంది? బిస్కెట్లు పోతాయి, నూడుల్స్ పోతాయి, బేకరీ పఫ్ పోతుంది, కేకు పోతుంది. తల్లి పక్కన కూర్చుని అన్నం కలిపి పెడుతుంది. ఏ పిల్లకి బాగుండదు చెప్పండి! బాగుంది కాబట్టి సీలియాక్ అని ముద్ర వేస్తే, లేని జబ్బుకి ఆ పిల్ల జీవితాంతం పుట్టినరోజు కేకుకి దూరంగా నిలబడాలి. అసలు కారణం వేరే ఏదో ఉండి, అది లోపల లోపల పెరుగుతూ ఉండొచ్చు కూడా.

అలాగని ఆ గమనింపు విలువ తక్కువని అనను. ఈ జబ్బుకీ గోధుమకీ ముడి దొరికింది అలాంటి గమనింపుతోనే. నెదర్లాండ్స్‌లో డికె అనే పిల్లల డాక్టరు ఉండేవాడు. రెండో ప్రపంచయుద్ధం చివర, 1944-45 చలికాలంలో అక్కడ రొట్టె దొరక్క జనం అల్లాడిపోయారు. అలాంటి కరువులో ఈ జబ్బున్న పిల్లలు కోలుకున్నారు. రొట్టె మళ్ళీ దొరికాక మళ్ళీ పడ్డారు. అంతకుముందు నుంచే ఆయనకి గోధుమ మీద అనుమానం ఉంది. 1950లో దాని మీద సిద్ధాంత గ్రంథం రాశాడు. అది చదివినప్పుడు మా నాన్న గోదావరి నీళ్ళు గుర్తొచ్చాయి. తేడా ఏమిటంటే, ఆయన చూసింది చూసినట్టు వదిలేయలేదు. మళ్ళీ మళ్ళీ తూచి, కొలిచి, రాసుకున్నాడు. మేం కొబ్బరికాయ కొట్టాం.

"మనవాళ్ళకి రాదులే, అది వాళ్ళ జబ్బు" అనేవాళ్ళ సంగతి. 2016లో మన దేశంలోనే ఉత్తరాన, ఈశాన్యంలో, దక్షిణాన కలిపి ఇరవైమూడు వేల మందికి పైగా పెద్దవాళ్ళని చూసిన అధ్యయనం ఒకటి వచ్చింది. ఉత్తరాదిలో నూటికి ఒకరికి కాస్త పైనే ఈ జబ్బు యాంటీబాడీలు రక్తంలో కనపడ్డాయి. దక్షిణాదిలో వెయ్యికి ఒకరికే కనపడ్డాయి. చూశారా, మనకి లేదు అంటారు. ఆగండి. ఈ జబ్బు రావడానికి వీలు కల్పించే జన్యువులు మూడు చోట్లా దాదాపు ఒకేలా, మూడో వంతు మందిలో ఉన్నాయి. తేడా ఎక్కువగా ఉన్నది కంచంలో. వాళ్ళు తినే గోధుమలో మనం తినేది పిసరంత. మన రక్తం గొప్పది కాదు, మన అన్నం మనల్ని కాపాడింది. ఇప్పుడు మన ఇళ్ళల్లో చూడండి. షుగరని తాతకి రాత్రి పుల్కాలు, టైము లేదని పొద్దున బ్రెడ్డు, టిఫిన్ డబ్బాలో నూడుల్స్, ఉప్మా అంటే బొంబాయి రవ్వ, పాయసం అంటే సేమ్యా. ఇంకా మనవాళ్ళకి రాదు అని ఏ ధైర్యంతో అంటారో నాకు అర్థం కాదు.

అదే జన్యువుల పేరు చెప్పి భయపెట్టేవాళ్ళూ ఉన్నారు. డీక్యూ2, డీక్యూ8 ఉన్నాయి కాబట్టి జబ్బు ఉన్నట్టే అని ఒక ల్యాబ్ వాళ్ళు మా స్నేహితురాలికి చెప్పి పంపారు. మూడో వంతు మందికి ఉన్నదాన్ని పట్టుకుని! అవి లేకపోతే జబ్బు దాదాపు లేనట్టే. ఉంటే మాత్రం ఏమీ తేలనట్టే. ఇక ఒక్క చుక్క రక్తంతో రెండొందల రకాల తిండి పడుతుందో లేదో చెప్తామనే ప్యాకేజీల గురించి నేను మాట్లాడను, బీపీ పెరుగుతుంది.

ఇప్పుడు ఎండోస్కోపీ. "అంత పసిదానికి గొంతులో గొట్టమా! నీ మనసు రాయా?" అని నన్ను అడిగినవాళ్ళు ఒకరిద్దరు కాదు. ఐరోపా నియమాల్లో, టీటీజీ పరిమితికి పది రెట్లు దాటి, రెండోసారి తీసిన రక్తంలో ఇంకో యాంటీబాడీ కూడా కనబడితే పేగు ముక్క తీయకుండానే నిర్ధారించవచ్చట. మా పాపది ఆరు రెట్లు, తప్పలేదు. ముందురోజు రాత్రి తినిపించిందే, తరవాత ఏమీ పెట్టొద్దన్నారు. పొద్దున్నే లేచి "అమ్మా, దోశ" అంది. ఆసుపత్రి గౌను దానికి కాళ్ళదాకా వేలాడింది. చేతికి సూది పెట్టేటప్పుడు ఏడ్చింది, నిజమే. అదొక్కటే ఏడుపు. మందు ఎక్కించగానే నా మెడ మీద నుంచి చెయ్యి జారిపోయింది, అప్పుడు నేను ఏడ్చాను. నేను బయట కుర్చీలో కూర్చుని విష్ణుసహస్రనామం సగానికి రాకముందే తలుపు తీశారు. పేగులోంచి ముక్కలు తీసినా నొప్పి తెలియదట. గంటన్నర తరవాత లేచి మళ్ళీ "దోశ" అంది. నాలుగున్నరేళ్ళలో ఆ పిల్ల పడిన కడుపునొప్పి ముందు ఆ పొద్దుటి పూట ఎంత? సూదికి జాలిపడేవాళ్ళు రోజూ రాత్రి మెలికలు తిరిగే పిల్ల పక్కన ఒక్క రాత్రి పడుకుని చూడాలి.

సరే, ముక్క తీశారు, పోగులు అరిగిపోయాయని రిపోర్టు వచ్చింది. ఆ కాగితం నా బీరువాలో పట్టుచీరల కింద ఉంది. ఎందుకంత భద్రం అంటారా? ఆ కాగితం లేకపోతే ఈ దేశంలో ఒక కోడలి మాట చెల్లదు. "మా పాపకి గోధుమ పడదండీ" అంటే "కొంచెం తింటే ఏమవుతుంది, అన్నీ అలవాటు చేయాలి" అంటారు. "బయాప్సీలో తేలింది" అంటే నోరు మూస్తారు.

ఒకసారి మా ఆడపడుచు ఇంట్లో సత్యనారాయణ వ్రతం. గోధుమ రవ్వ ప్రసాదం. స్వామి ప్రసాదం కాదంటే అపచారం, వేలితో నాకిస్తే చాలు అని పెద్దలంతా చుట్టూ చేరారు. పాప నా వైపు చూస్తోంది. నేను ప్రసాదం కళ్ళకి అద్దుకుని నేనే తిన్నాను, పాప చేతిలో అరటిపండు పెట్టాను. స్వామికి లేని పట్టింపు మనకెందుకు అన్నాను. ఆరోజు నాకు ఆ ధైర్యం ఇచ్చింది భక్తి కాదు, బీరువాలో కాగితం. "మానిపించి చూస్తే తగ్గింది" అన్న ఒక్క ముక్కతో అయితే ఆ పెద్దల ముందు నిలబడగలిగేదాన్నా? పదేళ్ళు, ఇరవై ఏళ్ళు, జీవితాంతం నిలబడాలి. గోరంత కూడా పనికిరాదు కదా.

గోరంత అంటే ఎంత గోరంతో చెప్తాను. చపాతీ మానడం పెద్ద పని కాదు. మనం వాడే పొడి ఇంగువ డబ్బా వెనక తిప్పి చదవండి, చాలావాటిలో మైదా కలిపి ఉంటుంది. పులిహోరలో ఇంగువ, చారులో ఇంగువ, నేను ఎనిమిది నెలలు పెట్టాను. రాగిపిండిలో గ్లూటెన్ లేదు, నిజమే. కానీ మరలో మన ముందు ఎవరో గోధుమలు పట్టించుకుని వెళ్ళి ఉంటారు. ఆ మిగిలిన పిండి మన రాగుల్లోకే వస్తుంది. పిల్లల పాలల్లో కలిపే పొడుల్లో బార్లీ మాల్ట్. మన దేశంలో గ్లూటెన్ లేదని డబ్బా మీద రాయాలంటే కిలోకి ఇరవై మిల్లీగ్రాముల లోపు ఉండాలి, అంత తక్కువ. ఇంత జాగ్రత్త ఒక అనుమానం మీద, పక్కింటావిడ మాట మీద ఎవరైనా జీవితాంతం పడతారా? ఆరు నెలలు పడి వదిలేస్తారు. వదిలేస్తే, నిజంగా జబ్బు ఉన్న పిల్ల లోపల కాలుతూనే ఉంటుంది.

అన్నిటికన్నా నన్ను కాల్చిన మాట ఇంకోటుంది. మా పెద్దత్తగారు నన్ను వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి అన్నారు. "ఆడపిల్లమ్మా. జబ్బు పేరు కాగితం మీద ఎక్కించకు. రేపు పెళ్ళి చేయాలి. ఊరికే గోధుమ పెట్టడం మానెయ్, ఎవరికీ చెప్పకు." నాలుగున్నరేళ్ళ పిల్ల! ఇంకా అక్షరాలు రాలేదు దానికి. ఆవిడ ప్రేమగానే అన్నారు, అదే నాకు భయం వేసింది. పట్టించుకోకుండా వదిలేసిన సీలియాక్‌తో రక్తహీనత తగ్గదు, ఎముకలు బలహీనపడతాయి, ఎత్తు పెరగరు, కొంతమంది అమ్మాయిలకి పెద్దమనిషి కావడం ఆలస్యం అవుతుంది, తరవాత పిల్లలు పుట్టడంలో ఇబ్బందులు వస్తాయి. అంటే పెళ్ళి కోసం దాచమన్నది, పెళ్ళయ్యాక అదే పిల్ల మీద గొడ్రాలని నింద పడేలా చేసేది. జబ్బు తెలిసి, గోధుమ మానేసిన పిల్ల అందరిలా పెరుగుతుంది. మా పాప ఇప్పుడు ఆరో క్లాసు, క్లాసులో వెనక వరసలో నుంచుంటుంది. ఎత్తు ప్రకారం నిలబెడతారు మరి.

మగపిల్లాడైతే ఈ గుసగుస ఉండదని నేను పందెం కడతాను. మా పిన్ని కూతురు ఇంట్లో "పసివాడికి సూది ఎందుకు" అన్నారే తప్ప "పెళ్ళి ఎలా" అని ఎవరూ అనలేదు.

ఇంట్లో ఒకరికి ఉంటే తల్లిదండ్రులకీ తోబుట్టువులకీ కూడా చేయించాలి, మామూలు వాళ్ళకన్నా వాళ్ళకి ఉండే అవకాశం చాలా ఎక్కువ. నాకు చేశారు, లేదు. మా బాబుకి చేశారు, లేదు, కానీ లక్షణాలు కనపడితే మళ్ళీ చేయించమన్నారు, ఒకసారి లేదంటే ఎప్పటికీ లేదని కాదట. మావారు మాత్రం "నాకేం లేదు, బండరాయిలా ఉన్నాను" అంటూ ఇప్పటికీ తప్పించుకు తిరుగుతున్నారు. మగవాళ్ళ సూది భయం గురించి ఇంకోసారి తీరిగ్గా రాస్తాను.

ఆ ఆదివారం రెండో ఫోన్లో మా పిన్ని కూతురికి ఒక్కటే చెప్పాను. ముందు డాక్టరుగారికి ఫోన్ చేసి, వారం నుంచి మానిపించానని నిజం చెప్పు, ఆయన ఎన్ని రోజులు పెట్టమంటే అన్ని రోజులు మళ్ళీ పెట్టు, ఎన్ని చపాతీలు తిన్నాడో క్యాలెండరు మీద రాసుకో అని. "వాడికి నొప్పి వస్తుందక్కా" అంది. వస్తుంది. అది తెలిసీ మన చేత్తో మనం ముద్ద పెట్టాలి. అది ఎంత కష్టమో నేను చెప్పలేను, దాన్ని తేలిక చేసే మాట నా దగ్గర లేదు. అత్తయ్యగారిని ఫోన్లోకి ఇమ్మన్నాను. ఆవిడతో ముప్పావుగంట మాట్లాడాను, మా రాజమండ్రి రిపోర్టు సంగతంతా చెప్పాను. చివరికి ఆవిడ "అయితే నేనే చేసి పెడతాలే, నా చేతి చపాతీ మెత్తగా ఉంటుంది" అన్నారు.

నిన్న రాత్రి మెసేజీ వచ్చింది. "ఇవాళ ఒకటిన్నర తిన్నాడక్కా. అత్తయ్యగారే క్యాలెండరు మీద రాశారు. రక్తం తీసేది ఇరవై నాలుగో తారీకు."